నేరం నా పాత ఫోన్‌ది కాదు

ఆ రాత్రి కొత్త ఫోన్ లాంచ్ లైవ్ చూస్తూ కూర్చున్నాను. గంటన్నర సాగింది. కొత్త చిప్, కొత్త కెమెరా, కొత్త రంగులు, వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ మాట్లాడే మనుషులు. అయిపోయేసరికి మనసులో నిర్ణయం దాదాపు ఖాయమైపోయింది. ఈ ఫోన్ ఇక పనికిరాదు, మార్చేయాలి. లేచి మంచినీళ్లు తాగుతుంటే అప్పుడు తట్టింది. ఆ గంటన్నర వీడియో నేను చూసింది ఆ పనికిరాని ఫోన్‌లోనే. ఒక్కసారి కూడా ఆగలేదు, వేడెక్కలేదు, బొమ్మ మసకబారలేదు. తనకి కాలం చెల్లిందని చెప్పే కార్యక్రమాన్ని పాపం తానే చివరిదాకా శుభ్రంగా చూపించింది.

అది తట్టాక కూడా నా మనసు మారలేదు. నేను రాయాలనుకున్నది ఆ సంగతి గురించే.

నాలుగేళ్లుగా ఏ పేచీ లేకుండా వాడుతున్న ఫోన్‌లో తెల్లారేసరికి ఎన్ని లోపాలు బయటపడ్డాయో! సాయంత్రానికి ఛార్జింగ్ అయిపోతోంది. ఛార్జర్ పిన్ను వదులుగా ఉండి, కాస్త కదిలితే ఊడిపోతోంది. స్టోరేజ్ నిండిపోయిందని రోజూ గోల. ఫొటోలు మసక. యాప్ తెరిస్తే ఒక క్షణం ఆలోచించుకుని గానీ తెరుచుకోదు. ఇవన్నీ నిన్నటిదాకా కూడా ఉన్నవే, కానీ నిన్నటిదాకా నేనెప్పుడూ వాటిని వరసగా పేర్చి చూడలేదు. ఇప్పుడు చిట్టా తయారైంది, ఇక తీర్పు చెప్పడమే తరువాయి.

తమ్ముడికి ఫోన్ చేసి చిట్టా అంతా చదివాను. వాడు ఏటా ఫోన్ మారుస్తాడు, దాని గురించి సంజాయిషీ ఎవరికీ చెప్పుకోడు. అంతా విని, "అన్నయ్యా, నీకు కొత్తది కావాలనిపించింది. కొనుక్కో. మధ్యలో దాన్నెందుకు తిడతావ్?" అన్నాడు.

కోపం వచ్చింది, ఎందుకంటే నిజం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉంది నా వ్యవహారం. కోరిక నాది, నేరం ఫోన్‌ది. పైగా అమ్మ పేరు కూడా వాడుకున్నాను. నేను కొత్తది తీసుకుంటే ఇది అమ్మకి ఇవ్వొచ్చు, ఆవిడకీ మంచి ఫోన్ వస్తుంది కదా అని. అడిగి చూస్తే, "నాకిది అలవాటైపోయింది నాన్నా. ఇంకోటిస్తే ఏది ఎక్కడుందో మళ్లీ మొదట్నుంచీ వెతుక్కోవాలి. నీకు కావాలంటే కొనుక్కో, నా పేరు చెప్పకు" అంది. ఒకే రోజు ఇద్దరు ఒకే మాట అన్నాక ఇక బుకాయించడం కష్టం.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. ఫోన్ల విషయంలో ఆ సామెత మొదటి సగం చెల్లిపోయి చాలా కాలమైంది. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌ని గుర్తు చేసుకోండి. 2 మెగాపిక్సెళ్ల కెమెరా, వీడియో తీయదు. ఒకచోట రాసింది కాపీ చేసి ఇంకోచోట పెట్టే వీలు లేదు. యాప్ స్టోర్ 2008లో వచ్చింది. వీడియో, కాపీ పేస్ట్ 2009లో వచ్చాయి. ముందు కెమెరా 2010లో ఐఫోన్ 4తో వచ్చింది, దానితో పాటే అంగుళానికి 326 పిక్సెళ్లు, అంటే చుక్కలు, ఉండే తెర. అప్పట్లో ఏటా మారేది చేతికి తెలిసేది. నిన్నటిదాకా చెయ్యలేని పని ఈరోజు చెయ్యగలుగుతున్నాం అనిపించేది. ఆ రోజుల్లో ఏడాదికోసారి మార్చినవాణ్ణి నేను తప్పుపట్టను. ఇప్పుడు లాంచ్ వేదిక మీద చెప్పేవి శాతాలు. ప్రాసెసర్ ఇంత శాతం వేగం, తెర ఇంత శాతం వెలుగు. ఏ ఫోన్ కంటే ఇంత శాతం అన్నది చాలాసార్లు తెర అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. వింత పోయింది. రోత మాత్రం ఏటా అదే తేదీకి ఠంచనుగా వస్తోంది.

సరే, తీర్పు చెప్పేముందు విచారణ జరగాలి కదా. చిట్టాలోని ఒక్కో నేరాన్నీ తీసుకుని నిజంగా తప్పెవరిదో చూద్దామని కూర్చున్నాను.

ముందు బ్యాటరీ. మన ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. ఛార్జ్ ఎక్కించి దించిన ప్రతిసారీ లోపలి లిథియంలో కాస్తంత పక్క రసాయన చర్యల్లో చిక్కుకుపోయి మళ్లీ వాడకానికి రాదు. ఎలక్ట్రోడ్ మీద పొర మందమవుతూ ఉంటుంది, లోపలి నిరోధం, అంటే కరెంటు పారడానికి అడ్డు, పెరుగుతుంది. సామర్థ్యం తగ్గడం ఇందులో ఒక సగమే. రెండో సగం చాలామందికి తెలియదు. నిరోధం పెరిగిన బ్యాటరీని ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే, అంటే కెమెరా తెరిచినప్పుడో గేమ్ మొదలుపెట్టినప్పుడో, వోల్టేజ్ ధబీమని పడిపోతుంది. 20 శాతం చూపిస్తూ ఉన్న ఫోన్ ఠక్కున ఆరిపోవడం అందుకే. చలిలో ఇది ఇంకా ఎక్కువ.

2017 డిసెంబర్‌లో యాపిల్ విషయంలో అంత రభస జరిగింది దీని చుట్టూనే. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ 6, 6ఎస్, ఎస్ఈ, 7 మోడళ్లు హఠాత్తుగా ఆరిపోకుండా ఉండేందుకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా వాటి వేగాన్ని తగ్గించామని కంపెనీ ఒప్పుకుంది. వాడేవాళ్లకి ముందుగా సరిగ్గా చెప్పలేదు. తర్వాత క్షమాపణ చెప్పి బ్యాటరీ మార్పిడి ధర తగ్గించారు. అమెరికాలో దావా 2020లో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించే ఒప్పందంతో ముగిసింది. సాంకేతికంగా చూస్తే వాళ్లు చేసిన పనికి ఒక కారణం ఉంది, అది నేను ఒప్పుకుంటాను. ఆరిపోయే ఫోన్ కంటే నెమ్మదిగా నడిచే ఫోన్ నయం. కానీ చెప్పకపోవడం వల్ల జరిగింది చూడండి. ఫోన్ నెమ్మదించింది, మనిషి ఏమనుకుంటాడు? చిప్ ముసలిదైపోయింది, కొత్తది కొనాలి అనుకుంటాడు. మార్చాల్సింది ఒక్క బ్యాటరీ అని తెలిస్తే ఆగిపోయే మనిషి, తెలియక మొత్తం ఫోన్ మారుస్తాడు.

బ్యాటరీ ఆయువుకి లెక్క కూడా ఉంది. ఐఫోన్ 14, అంతకు ముందు మోడళ్లు 500 పూర్తి ఛార్జింగ్ సైకిళ్ల దగ్గర 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారయ్యాయని యాపిల్ చెబుతుంది. ఐఫోన్ 15 నుంచి ఆ లెక్క 1000 సైకిళ్లు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం కొత్త ఫోన్ల బ్యాటరీలు 800 సైకిళ్ల తర్వాత కూడా కనీసం 80 శాతం నిలుపుకోవాలి. ఒక సైకిల్ అంటే ఒకసారి ప్లగ్ పెట్టడం కాదు. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒకటి. రోజుకి ఒక సైకిల్ చొప్పున వేసుకున్నా నా ఫోన్ నాలుగేళ్లలో 1400 దాటేసింది. సెట్టింగ్స్‌లో చూస్తే 74 శాతం ఉంది. ఇంకా ఏం చేయాలి పాపం అది?

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కౌంటర్‌లో అబ్బాయి ఫోన్‌ని వెనక్కి తిప్పి చూసి, "నాలుగేళ్ల ఫోన్‌కి బ్యాటరీ ఎందుకు సార్, ఎక్స్‌ఛేంజ్‌లో పెట్టేయండి" అన్నాడు. నేను ఇంటి దగ్గర అన్న మాటే వేరే మనిషి నోట వింటే వింతగా ఉంది. బ్యాటరీయే కావాలన్నాను. స్టాక్ లేదు, తెప్పించాలి, పది రోజులు అన్నారు. పదిహేను రోజులు పట్టింది. ఫోన్ విప్పి మూస్తే నీళ్లు చొరబడకుండా ఉండే సీల్ మునుపటంత గట్టిగా ఉండకపోవచ్చని ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు. అది న్యాయమే, బ్యాటరీ మార్పించుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయమే. ఏమైతేనేం, ఇప్పుడు రాత్రి పడుకునేసరికి ముప్ఫై అయిదు, నలభై శాతం మిగులుతోంది. యాప్‌లు తెరుచుకునే ముందు ఆ 'క్షణం ఆలోచన' కూడా చాలావరకు పోయింది.

ఇక ఛార్జర్ పిన్ను సంగతి. ఇది రాయాలంటే కొంచెం సిగ్గుగా ఉంది. ఫోన్ ఆఫ్ చేసి, దీపం కింద పట్టుకుని, సన్నటి చెక్క పుల్లతో ఛార్జింగ్ పోర్టులో మెల్లగా గీకాను. బూడిద రంగు దూది ముద్ద ఒకటి బయటికొచ్చింది. నాలుగేళ్ల ప్యాంటు జేబుల పీచు. ఛార్జర్ పెట్టిన ప్రతిసారీ దాన్ని ఇంకాస్త లోపలికి కూరుతూ వచ్చానన్న మాట. ఇంకో రెండు గీతలకి ఇంకో ముద్ద. తర్వాత పిన్ను పెడితే 'టిక్'మని కూర్చుంది. ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో. (లోహపు సూది మాత్రం పెట్టకండి, లోపలి కాంటాక్టులు దెబ్బతింటాయి.) వేల కొద్దీ డబ్బు పోసి కొత్త ఫోన్ కొనడానికి నేను చూపించిన అయిదు కారణాల్లో ఒకటి జేబులోని పీచు.

స్టోరేజ్ గురించి ఎక్కువ చెప్పను, మీ ఫోన్‌లోనూ అదే కథ ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చి పడ్డ వీడియోలు, ఒకే దృశ్యానికి తొమ్మిది ఫొటోలు, ఎందుకు తీశానో నాకే తెలియని స్క్రీన్‌షాట్లు. ఇవన్నీ దాచుకునే ఫ్లాష్ మెమరీ దాదాపు నిండిపోతే ఫోన్ నెమ్మదిస్తుంది కూడా. కొత్తగా రాయాలంటే ముందు కొన్ని బ్లాకులు ఖాళీ చేసుకోవాలి, ఖాళీ చేయడానికి వాటిలో ఉన్నది ఎక్కడికో తరలించాలి, తరలించడానికి చోటు లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని సగం ఖాళీ చేశాను.

కెమెరా దగ్గర మాత్రం విచారణ అంత తేలిగ్గా తేలలేదు.

మెగాపిక్సెళ్లు పెరిగితే ఫొటో బాగుంటుందనే మాయ గురించి చాలామంది రాశారు, ఒక్క లెక్క చెబుతాను. ఐఫోన్ మెయిన్ కెమెరా 2015 నాటి 6ఎస్ నుంచి 2021 నాటి 13 దాకా 12 మెగాపిక్సెళ్లే. మధ్యలో ఫొటోలు ఎంత మారాయో అందరికీ తెలుసు. 200 మెగాపిక్సెళ్ల కెమెరా ఉన్న ఫోన్లు కూడా మామూలుగా పదహారేసి పిక్సెళ్లను కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటోయే ఇస్తాయి. మెరుగుపడింది వెలుతురు పట్టే సెన్సార్ పరిమాణం, లెన్సులు, అన్నిటికంటే ఎక్కువ సాఫ్ట్‌వేర్. గూగుల్ 2018 నవంబర్‌లో చీకట్లో ఫొటోలు తీసే నైట్ సైట్ విడుదల చేసినప్పుడు దాన్ని ఆ ఏడాది వచ్చిన తన సొంత ఫోన్ పిక్సెల్ 3కే పరిమితం చేయలేదు, 2016 నాటి మొదటి పిక్సెల్‌కీ అప్‌డేట్‌గా ఇచ్చింది. రెండేళ్ల పాత ఫోన్ ఉన్నవాళ్లు ఒక్క రాత్రిలో చీకట్లో చూడగల కెమెరాకి యజమానులైపోయారు, అదీ ఏమీ కొనకుండానే. కొత్త కెమెరా కావాలంటే కొత్త ఫోనే కావాలి అన్నది ప్రతిసారీ నిజం కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నా ఫోన్ ఫొటోల మసకకి మొదటి కారణం లెన్స్ మీది వేలిముద్ర. చొక్కా అంచుతో తుడిస్తే సగం పోయింది. కానీ మిగతా సగం పోలేదు.

ఇక్కడ నేను పెట్టుకున్న ఇంకో పద్ధతి చెప్పాలి. బ్యాటరీ మార్పించాక రెండు వారాలు ఒక లెక్క రాశాను. ఫోన్ ఒక పని చేయలేక నన్ను ఆపిన ప్రతిసారీ నోట్స్‌లో ఒక లైను. నెమ్మదిగా ఉందనిపించడం, పాతగా కనిపించడం లాంటివి రాయకూడదు. పని ఆగిందా లేదా, అంతే. రెండు వారాలకి మూడు లైన్లు వచ్చాయి. వాన చినుకుల్లో టచ్ సరిగ్గా పనిచేయలేదు. (తమ్ముడి కొత్త ఫోన్‌ని కూడా తడి వేలితో తాకి చూశాను. తేడా ఏమీ లేదు, ఆ లైను కొట్టేశాను.) మ్యాప్ నడుస్తుండగా ఫోన్ కాల్ వచ్చి, అది ముగించి వచ్చేసరికి అంతకు ముందు నింపుతున్న ఫారం మళ్లీ మొదటికొచ్చింది. తెరిచిన యాప్‌లు నిలిచే తాత్కాలిక మెమరీ, అంటే ర్యామ్, తక్కువైతే వెనకున్న యాప్‌ని ఫోన్ మూసేస్తుంది, ఇది నిజమైన లోపమే. మూడోది, స్కూల్లో పాప డాన్స్. చివరి వరసలో చోటు దొరికింది. జూమ్ చేసి తీస్తే పాప ముఖం ఉండాల్సిన చోట రంగు మరక ఉంది. నా ఫోన్‌లో దూరానికి వేరే లెన్స్ లేదు. ఆ ఫొటోని ఏ అప్‌డేటూ బాగుచేయలేదు, ఆ డాన్స్ మళ్లీ రాదు.

ఈ మూడో లైను రాసినప్పుడు మొదటిసారి కొత్త ఫోన్ గురించి నాకు ఏ సాకూ లేకుండా ఆలోచన వచ్చింది. లాంచ్ రాత్రి నేను చూసిన శాతాల్లో ఇది లేదు. ఫోన్ మార్చడానికి కారణం అంటే ఇలా ఉండాలి, పేరు పెట్టి చెప్పగలగాలి. చూపు తగ్గిన పెద్దాయన పెద్ద తెర కోసం మారిస్తే అది కారణం. రోజంతా ఫోన్ మీదే పని చేసుకునేవాళ్లకి యాప్ మూసుకుపోతే కూలి పోతుంది, అదీ కారణమే.

వీటన్నిటి కంటే పెద్ద కారణం ఒకటుంది, దాని గురించే అందరూ తక్కువ మాట్లాడతారు. సెక్యూరిటీ అప్‌డేట్లు. ఆండ్రాయిడ్‌లో బయటపడిన లోపాల జాబితాని గూగుల్ 2015 ఆగస్టు నుంచి నెలనెలా విడుదల చేస్తోంది. మీ ఫోన్‌కి ఆ నెల అప్‌డేట్ వచ్చిందా, తలుపు మూసుకుంది. రాలేదా, ఆ తలుపు తెరిచి ఉందని లోకమంతటికీ తెలిసిపోయింది, మూసే మనిషి మాత్రం లేడు. బ్యాంకు యాప్, ఓటీపీలు, గుర్తింపు కార్డుల ఫొటోలు అన్నీ అందులోనే ఉన్న మనిషికి ఇది చిన్న సంగతి కాదు. ఫోన్ అద్దంలా మెరుస్తూ, గీత పడకుండా ఉన్నా సరే, అప్‌డేట్లు ఆగిపోయాక దాన్ని డబ్బు వ్యవహారాలకి వాడటం మానేయాల్సిందే. ఈ ఒక్క విషయంలో నేను కొత్త ఫోన్ వైపే వాదిస్తాను.

అందుకే కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న కెమెరా గురించి కాదు, అప్‌డేట్లు ఏ ఏడాది వరకు అని. ఈ విషయంలో పరిస్థితి నిజంగా మెరుగైంది. 2023లో పిక్సెల్ 8కి గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ ఏడేళ్లు ఇస్తామని ప్రకటించాయి. చవక మోడళ్లలో మాత్రం కాలం తక్కువగా ఉండొచ్చు, ముందే చూసుకోవాలి. ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తానని చెప్పే కంపెనీయే, ఏటా అదే వేదిక ఎక్కి నీది పాతబడింది అని చెప్పడం గమ్మత్తుగా ఉంటుంది.

కొన్నా కూడా మొదటి రోజే ఎగబడొద్దని మాత్రం అంటాను. 2016 ఆగస్టులో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 వచ్చింది, బ్యాటరీలు అంటుకుంటున్నాయని సెప్టెంబర్‌లో వెనక్కి పిలిచారు, మార్చి ఇచ్చినవి కూడా అంటుకోవడంతో అక్టోబర్‌లో ఆ మోడల్‌నే ఆపేశారు. అలాంటిది మళ్లీ మళ్లీ జరగదు. కానీ చిన్న చిన్న తేడాలు మొదటి నెలలో బయటపడుతూనే ఉంటాయి, వాటిని కనిపెట్టే పని మనం డబ్బిచ్చి మరీ చేయక్కర్లేదు. ఏఐ ఫీచర్ల కోసం మార్చాలా అని కూడా అడుగుతున్నారు. మీరు రోజూ వాడే ఏఐ ఫీచర్ ఒకటి ఉండి, అది మీ ఫోన్‌లో రాకపోతే మార్చండి. రోజూ వాడతానేమో అనుకుంటే ఆగండి.

పర్యావరణం మాట ఎత్తకుండా ఉండలేను గానీ, ఎత్తి ఎవర్నీ దోషుల్ని చేయదలచుకోలేదు. యాపిల్ సొంత నివేదికల ప్రకారమే ఒక ఐఫోన్ జీవితకాలంలో విడుదలయ్యే కర్బన ఉద్గారాల్లో దాదాపు 80 శాతం తయారీ దశలోనివే, మనం ఛార్జింగ్ పెట్టుకునేది కొసరు. అంటే ఫోన్ మన చేతికి వచ్చేసరికే జరగాల్సింది చాలావరకు జరిగిపోయింది. దాన్ని ఎన్నేళ్లు నడిపిస్తే ఆ ఖర్చు అన్నేళ్ల మీద పరుచుకుంటుంది. 2022లో ప్రపంచమంతా కలిసి ఫ్రిజ్‌లు, టీవీలు, ఫోన్లు అన్నీ కలిపి 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగేసింది. ఐక్యరాజ్యసమితి లెక్క అది. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైనది 22.3 శాతం.

ఈ విషయంలో తమ్ముడు నాకంటే నయం. వాడు ఏటా మారుస్తాడు గానీ పాతది వెంటనే అమ్మేస్తాడు, దాన్ని ఇంకొకరు మూడేళ్లు వాడుకుంటారు. నా బల్ల సొరుగులో మూడు ఫోన్లున్నాయి, ఎప్పుడైనా పనికొస్తాయని దాచినవి. ఈ వ్యాసం కోసం సొరుగు లాగి చూస్తే ఒకదాని వెనక మూత ఒక పక్క లేచి ఉంది. బ్యాటరీ ఉబ్బింది. బల్లమీద పెడితే పడవలా ఊగుతోంది. మూత నొక్కి సరిచేద్దామని చెయ్యి వెళ్లింది గానీ ఆపుకున్నాను, ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కకూడదు, పొడవకూడదు, ఛార్జ్ చేయకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. మర్నాడే ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చి వచ్చాను. పాత ఫోన్ మీద ప్రేమ అని నేను గొప్పగా చెప్పుకునేది ఇన్నాళ్లూ సొరుగులో అలా ఉబ్బుతూ కూర్చుంది.

తమ్ముడికి మళ్లీ ఫోన్ చేసి విచారణ ఫలితం చెప్పాను. అయిదు నేరాల్లో మూడు పూర్తిగా కొట్టివేత, వేగం చాలావరకు కొట్టివేత, కెమెరా సగం నిజం. "ఇంతకీ కొంటున్నావా?" అన్నాడు. ఇప్పుడు కాదన్నాను. పాప తర్వాతి డాన్స్‌కి ముందు వరసలో కూర్చోవడానికి అరగంట ముందు వెళ్తాను. నా మోడల్‌కి చివరి సెక్యూరిటీ అప్‌డేట్ ఎప్పుడో కంపెనీ పేజీలో వెతికాను, ఇంకా ఏడాది పైనే ఉంది. ఆ నెలలో మార్చాలి. "అప్పటికి మర్చిపోతావు" అన్నాడు. మర్చిపోను, క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టాను. ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి 'ఫోన్ మార్చు' అని నాకు గుర్తుచేయాల్సింది ఈ ఫోనే.